నలభై తొమ్మిదిని ఇరవై ఏడు చేశాను

ఒక శనివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర మా అమ్మాయి లహరి ఆవకాయ సీసా మూత తీయబోయి, "అబ్బా" అని చెయ్యి వెనక్కి లాక్కుంది. సీసా గట్టు మీద దొర్లింది గానీ పగల్లేదు. కుడిచేతి బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర నొప్పి అంది. ఎన్నాళ్ళ నుంచి అని అడిగితే నెల నుంచి అంది. అప్పుడు తనకి పద్నాలుగేళ్ళు, తొమ్మిదో తరగతి. నెల నుంచి నొప్పి పెట్టుకుని ఎందుకు చెప్పలేదని కేకలేశాను. "రాసీ రాసీ వచ్చిందేమోలే సుధా" అన్నారు మా వారు. ఆ మాట నాకు నచ్చింది. పిల్ల అంతలా చదువుతోందని నలుగురిలో చెప్పుకోవచ్చు కదా.

మేం మదీనాగూడలో ఫ్లాట్‌లో ఉంటాం. మాది కాకినాడ వైపు. మా వారు రమణ ప్రభుత్వ ఆఫీసులో ఇంజనీరు. నేను మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ లీడ్‌ని. అంటే ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. పద్దెనిమిదేళ్ళుగా అదే పని చేస్తూ, అందులో మంచి పేరు తెచ్చుకుని, ఇంట్లో పిల్లని మాత్రం సరిగ్గా చూడలేకపోయాను. ఇది చదివేవాళ్ళు నన్ను ఓదారుస్తూ ఉత్తరాలు రాయనక్కర్లేదని ముందే చెబుతున్నాను.

ఎముకల డాక్టరు గారు లహరిని బొటనవేలు లోపలికి మడిచి గుప్పిట మూయమన్నారు. ఆ గుప్పిటని మెల్లగా చిటికెనవేలి వైపుకి వంచారు. పిల్లకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎక్స్‌రే నార్మల్. "డి క్వెర్వెయిన్స్ అంటామండి. టెండన్ చుట్టూ వాపు. పసిబిడ్డల్ని ఎత్తుకునే తల్లులకి ఎక్కువగా వచ్చేది. ఇప్పుడు ఈ వయసు పిల్లల్లో చూస్తున్నాం" అని, లహరి వైపు తిరిగి, "స్క్రీన్ టైమ్ ఎంతమ్మా?" అని అడిగారు.

జవాబు నేను చెప్పాను. "గంట, గంటన్నర ఉంటుంది సార్. అదీ స్కూల్ ప్రాజెక్టులకే."

లహరి నా వంక ఒకసారి చూసి తల దించుకుంది. డాక్టరు గారు మూడు వారాలు వేలు కదలకుండా స్ప్లింట్ వేసుకోమని, ఐస్ పెట్టమని రాసి పంపించేశారు.

ఇంటికొచ్చాక ఫోన్ తీసుకుని సెట్టింగ్స్‌లో చూశాను. రోజుకి సగటున ఏడు గంటల పది నిమిషాలు. నాకు తల కొట్టేసినట్టయింది. సాయంత్రం నాలుగింటికి స్కూల్ నుంచి వచ్చే పిల్లకి ఏడు గంటలు ఎక్కడి నుంచి వచ్చాయని లెక్కలు వేశాను. బస్సులో, బాత్రూంలో, హోంవర్క్ పుస్తకం కింద, నిద్రలోంచి కోసుకుని. అంతసేపు ఏం చూస్తోందో, ఎందుకు చూస్తోందో అడగాలని నాకు తట్టలేదు. ఆ అంకెని తగ్గించాలని మాత్రం తట్టింది.

మా ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళకి తప్ప ఇంకెవరికీ ఇలాంటి బుద్ధి పుట్టదు. ఒక షీట్ తయారు చేశాను. తేదీ, గంటలు, టార్గెట్, రిమార్క్స్. నాలుగు గంటలు దాటితే గడి ఎరుపు, రెండు నుంచి నాలుగైతే పసుపు, రెండులోపు ఆకుపచ్చ. రాత్రి ఎనిమిదింటికి భోజనాల బల్ల దగ్గర, మా టీమ్‌లో రోజూ పొద్దున్నే జరిగే స్టాండప్ లాగా, పది నిమిషాల మీటింగ్. నిన్న ఎంత, ఈరోజు ఎంత, రేపటికి ప్లాన్ ఏమిటి. పిల్ల చేతికి స్ప్లింటుతో, ముందు పప్పన్నం పెట్టుకుని, "టుమారో ఐ విల్ ట్రై ఫర్ త్రీ" అని చెప్పేది. మా వారు తల ఊపేవారు. ఆ షీట్‌ని మా చెల్లెలికి కూడా షేర్ చేశాను, దాని కొడుక్కి పనికొస్తుందని.

అంకె తగ్గింది. ఏడు ఐదైంది, మూడైంది, సెప్టెంబరు వచ్చేసరికి గంటా నలభై నిమిషాలు. వరసగా పదకొండు వారాలు ఆకుపచ్చ. ఆఫీసు క్యాంటీన్‌లో తోటి తల్లులకి ఆ షీట్ తీసి చూపించాను. వాళ్ళు టెంప్లేట్ అడిగితే ఇచ్చాను కూడా.

పిల్ల మాత్రం చిక్కిపోయింది. జుట్టు ఊడేది. స్కూల్ నుంచి రాగానే గది తలుపేసుకునేది. పిల్లల డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్తే థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగర్ అన్నీ చేయించారు. అన్నీ నార్మల్. విటమిన్ డి తక్కువ ఉంది, అది మా ఐటీ వాళ్ళ ఇళ్ళలో ఎవరికి ఉంది గనక. "టీనేజ్ అండి, సర్దుకుంటుంది" అన్నారు. ఫోన్ ఎంత వాడుతుందని ఆయనా అడిగారు. "రెండు గంటల్లోపే సార్, రికార్డ్ ఉంది" అని షీట్ చూపించాను. ఆయన మెచ్చుకున్నారు.

మా ఇంట్లో పని చేసే ఎల్లమ్మది నారాయణపేట వైపు. పొద్దున పదింటికి వచ్చి సాయంత్రం ఐదింటికి వెళ్తుంది. స్కూల్ నుంచి వచ్చిన పిల్లని రోజూ చూసేది ఆవిడే. ఒక ఆదివారం గిన్నెలు సర్దుతూ, "మేడం, పాప జర పరేషాన్‌ల ఉన్నది. బడి నుంచి రాంగనే తలుపేస్కుంటది. ఒక్క బుక్క తినదు. ఏమైందో జర అడుగున్రి" అంది.

"ఫోన్ తగ్గించాం కదా ఎల్లమ్మా, ఆ చిరాకు. కొన్నాళ్ళు ఉంటుంది."

"ఏం తగ్గిచ్చిన్రో ఏమో. నాకైతే తగ్గినట్టు అనిపిస్తలేదు. లోపల్నుంచి సప్పుడు వస్తనే ఉంటది."

"అది ఆన్‌లైన్ క్లాసులే" అన్నాను. చదువుకోని మనిషి నాకు చెప్పేదేమిటి అని కూడా మనసులో అనుకున్నాను. ఇలా రాసుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ అనుకున్న మాట నిజం.

దసరా సెలవులయ్యాక స్కూల్ వాళ్ళు ఒక ఫారం ఇచ్చారు. పిల్లల్లో ఫోన్ వాడకం ఎంత ముదిరిందో కొలవడానికట. పది వాక్యాలు. ఫోన్ వల్ల చేయాల్సిన పని చేయలేకపోతున్నాను, ఫోన్ దగ్గర లేకపోతే తట్టుకోలేను, అనుకున్నదాని కన్నా ఎక్కువసేపు వాడుతున్నాను, మణికట్టు నొప్పి వస్తోంది, ఇలాంటివి. ఒక్కోదానికి ఒకటి నుంచి ఆరు దాకా మార్కు పెట్టుకోవాలి. పిల్ల నింపాలి, అమ్మో నాన్నో సంతకం చేయాలి. ఆ సంతకం దగ్గరే వచ్చింది తంటా. కాగితం మన చేతికి రావాల్సిందే కదా.

తరగతి తల్లుల వాట్సాప్ గ్రూపు ఆ సాయంత్రం అట్టుడికిపోయింది. స్కోరు ఎక్కువ వచ్చినవాళ్ళని స్పెషల్ బ్యాచ్‌లోంచి తీసేస్తారట అని ఒకావిడ పెట్టింది. ఆ బ్యాచ్ అంటే ఐఐటీ కోచింగ్ సెక్షన్, దాని కోసం ఆరో తరగతి నుంచి మేం పడని పాట్లు లేవు. ఎంత ఉంటే సేఫ్ అని ఇంకొకావిడ అడిగింది. ఇరవై, ముప్పై మధ్య పెట్టండి, మరీ తక్కువైతే అనుమానం వస్తుంది అని మూడో ఆవిడ సలహా. ఆ సలహాకి పదిహేను మంది దండం బొమ్మలు పెట్టారు. నేనూ పెట్టాను.

లహరి బ్యాగ్‌లోంచి ఫారం తీశాను. అప్పటికే నింపేసింది, పెన్సిల్‌తో. మొత్తం కూడితే అరవైకి నలభై తొమ్మిది. ఫోన్ దగ్గర లేకపోతే తట్టుకోలేను అన్నదానికి ఆరు. కింద, ఇంకేమైనా చెప్పాలంటే రాయమని రెండు గీతలు ఖాళీ వదిలారు. అక్కడ చిన్న అక్షరాలతో ఇంగ్లీషులో రాసింది. ఆపాలని ఉంది, ఆపలేకపోతున్నాను అని.

చదివాను. గుండెలో ఎక్కడో కలుక్కుమంది. ఆ కలుక్కుమన్నది ఒక్క నిమిషం కూడా నిలవలేదు. షీట్‌లో గంటా నలభై ఉంటే ఈ పిల్ల నలభై తొమ్మిది ఎలా రాస్తుంది, అతి చేస్తోంది అనుకున్నాను. లహరిని పిలిచి, "నిజమే రాయి, వద్దనను. కానీ ఇంత రాయక్కర్లేదు. బ్యాచ్ పోతే తర్వాత నువ్వే ఏడుస్తావు" అన్నాను.

"నిజంగానే అంత ఉందమ్మా."

"నాకు తెలుసుగా ఎంత ఉందో. రోజూ చూస్తూనే ఉన్నాను."

లహరి రబ్బరు తెచ్చి నా చేతికే ఇచ్చి వెళ్ళిపోయింది. నేను కూర్చుని ఒక్కో అంకె చెరిపి, మళ్ళీ రాసి, మొత్తం ఇరవై ఏడు చేశాను. కింద రాసిన వాక్యం కూడా చెరిపాను. పెన్సిల్ గట్టిగా నొక్కి రాసింది, అచ్చు పడింది. దాని మీద "నథింగ్" అని రాసి సంతకం పెట్టాను.

నవంబరు చివర్లో హాఫ్ ఇయర్లీ మార్కులు వచ్చాయి. లెక్కల్లో సగం కూడా లేవు. మా వారు కోపంతో లహరి ఫోన్ తీసుకెళ్ళి తన ఆఫీసు సొరుగులో పెట్టి తాళం వేశారు. ఇంట్లో వైఫై పాస్‌వర్డ్ మార్చేశారు. పిల్ల ఏడవలేదు, అరవలేదు. మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. షీట్‌లో మూడు రోజులూ సున్నా వేశాను.

నాలుగో రోజు స్కూల్‌కి సెలవు, మాకు లేదు. మధ్యాహ్నం ఒంటిగంటకి నేను క్లయింట్ కాల్‌లో ఉండగా ఎల్లమ్మ ఫోన్ చేసింది. "మేడం, పాప ఇంట్ల లేదు. నేను బట్టలు ఆరేసి వచ్చేసరికి పోయింది. వాచ్‌మన్‌ని అడిగితే ఆటో ఎక్కింది, హఫీజ్‌పేట్ స్టేషన్ దిక్కు పోవాలని అడిగింది అంటుండు. నేను గూడ పోతున్న, మీరు రాన్రి."

రైల్వే స్టేషన్ అన్న మాట వినగానే కాల్ మధ్యలోనే వదిలేసి లేచాను. మాదాపూర్ నుంచి క్యాబ్‌లో నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలు ఏమేం అనుకున్నానో రాయను, పిల్లలున్న వాళ్ళకి రాయక్కర్లేదు.

ప్లాట్‌ఫాం చివర బెంచీ మీద లహరి ఉంది. పక్కన ఎల్లమ్మ, పిల్ల చున్నీ కొంగు తన పిడికిట్లో పట్టుకుని కూర్చుంది. లహరి చేతిలో ఒక ఫోన్. రెండేళ్ళ కింద మా వారు మార్చేసిన పాతది, అద్దం పగిలింది, సిమ్ లేదు. షూ రాక్‌లో పాత ఛార్జర్లతో పడి ఉండాల్సింది. పదకొండు వారాల నా ఆకుపచ్చ రంగంతా ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు అర్థమైంది. ఇంట్లో వైఫై ఆపేస్తే, స్టేషన్‌లో వైఫై ఉంటుందని వచ్చింది. దానికి ఓటీపీ కావాలి, సిమ్ లేదు. అందుకని రైలు కోసం నిలబడ్డ ఎవరో ఆవిడని బతిమాలి, ఆవిడ నంబరు పెట్టి, ఓటీపీ చెప్పించుకుందట.

పిల్ల బతికే ఉందని తెలిసిన ఆ క్షణంలో నేను అడిగిన మొదటి మాట, "ఎన్ని గంటల నుంచి చూస్తున్నావ్?"

లహరి తలెత్తి, మామూలు గొంతుతో అంది. "షీట్‌లో వేసుకుంటావా అమ్మా?"

నా చెయ్యి లేచింది. ఎల్లమ్మ మధ్యలోకి వచ్చింది. "ఇగ ఊకోన్రి మేడం. పిల్ల దొరికింది, గదే చాలు. ముందుగాల దవాఖానకు తోల్కపోన్రి. ఒంటి డాక్టరు గాదు, మనసు డాక్టరు ఉంటరు గద, గాళ్ళకాడికి."

మర్నాడే పిల్లల సైకియాట్రిస్ట్ అపాయింట్‌మెంట్ దొరికింది. డాక్టరమ్మ కాసేపు మాటలు చెప్పి, లహరి చేతికి ఒక కాగితం, పెన్ను ఇచ్చారు. ఇంచుమించు అవే పది వాక్యాలు. లహరి కాగితం చూసి, డాక్టరమ్మని అడిగింది. "నేను రాయాలా? అమ్మ రాస్తుందా?"

"అమ్మ ఎందుకు రాస్తుంది?"

పిల్ల పెన్ను తిప్పుకుంటూ కిటికీ వైపు తిరిగింది. నన్ను పట్టివ్వడం ఇష్టం లేక కాదు, విసుగొచ్చి. నేనే చెప్పాను, రబ్బరు దగ్గర నుంచి సంతకం దాకా.

"అప్పుడు ఎంత వచ్చింది?"

"నలభై తొమ్మిది."

"మీరు ఎంత చేశారు?"

"ఇరవై ఏడు."

డాక్టరమ్మ రాస్తున్న పెన్ను పక్కన పెట్టారు. "నలభై తొమ్మిది చూసి ఉంటే ఏ స్కూల్ కౌన్సిలరైనా మీకు ఫోన్ చేసేవారు. రెండు నెలల ముందే ఇక్కడికి వచ్చేవాళ్ళు. ఆ అంకె జబ్బు పేరు చెప్పదండి, లోపలికి చూడమని చెబుతుంది, అంతవరకే. మీరు ఆ తలుపు మూసేశారు. ఇప్పుడు బయట కూర్చోండి, నేను పిల్లతో మాట్లాడతాను."

ఎవరైనా నాతో అంత సూటిగా మాట్లాడి చాలా ఏళ్ళయింది. కారిడార్‌లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని గంటసేపు ఏడ్చాను. మా వారు వచ్చి, "నీ షీట్ల పిచ్చి వల్లే ఇదంతా" అన్నారు. పాత ఫోన్ ఇంట్లో ఎందుకు ఉంచారని నేనూ అన్నాను. అక్కడే నర్సు చూస్తుండగా పోట్లాడుకున్నాం.

లహరికి యాంగ్జైటీ అన్నారు. ఎప్పటి నుంచో ఉందట, బ్యాచ్‌లో చేరినప్పటి నుంచి. టెస్ట్ పేపరు తలచుకుంటే గుండె దడ, చేతులు చల్లబడటం. ఫోన్‌లో ఏదో ఒకటి కదులుతూ ఉంటే అది కాసేపు తెలియదు. "ఏం చూస్తావమ్మా అంత?" అని డాక్టరమ్మ నన్ను లోపలికి పిలిచాక నా ముందే అడిగినప్పుడు లహరి, "ఏమీ చూడను ఆంటీ. అది ఆగితే భయమేస్తుంది" అంది. ఒకే గోడకి అవతల ఉన్న పిల్ల లోపల ఏం జరుగుతోందో ఒక పరాయి మనిషి అడిగితే గాని నాకు తెలియలేదు.

వారానికి ఒక సెషన్, సీబీటీ అని, భయం పుట్టించే ఆలోచనల తీరు మార్చుకోవడం నేర్పే చికిత్స. రోజూ ఒక చిన్న మాత్ర, ఎనిమిది నెలలు. ఫోన్ పిల్ల చేతికి తిరిగి ఇవ్వమన్నారు, నియమాలు తనే పెట్టుకుంటుందన్నారు. మా వారికి అది మింగుడు పడలేదు. స్పెషల్ బ్యాచ్ మానిపించమన్నారు, అది నాకు మింగుడు పడలేదు. షీట్ డిలీట్ చేయమన్నారు. డిలీట్ చేసే ముందు ఒక కాపీ దాచుకున్నాను, తర్వాత దాన్ని కూడా తీసేశాను.

బ్యాచ్ మార్పించడానికి స్కూల్‌కి వెళ్తే ప్రిన్సిపాల్ కంప్యూటర్‌లో చూసి ఆశ్చర్యపోయారు. "మీ అమ్మాయి సర్వే స్కోరు చాలా బాగుంది కదా మేడం. అసలు మా స్కూల్‌లో ఈ సమస్య దాదాపు లేనే లేదు. పేరెంట్స్ మీటింగ్‌లో ఆ రిపోర్టే చూపించాం." నిజమే, చూపించారు. నేనూ చప్పట్లు కొట్టాను. ఎన్ని ఇళ్ళలో రబ్బర్లు అరిగితే ఆ రిపోర్టు తయారైందో ఆయనకి తెలుసో తెలియదో నాకు అర్థం కాలేదు. నేను మాత్రం చెప్పాను, మా అమ్మాయి స్కోరు నేను దిద్దానని. ఆయన కంప్యూటర్ స్క్రీన్ అవతలికి తిప్పేసి, "అది ఇప్పుడు మార్చడం కుదరదు మేడం, రిపోర్ట్ పంపించేశాం" అన్నారు.

బాగైపోయిందని అనుకున్నప్పుడల్లా మళ్ళీ మొదటికి వచ్చింది. టెన్త్ అయ్యాక వేసవి సెలవుల్లో రెండు వారాలు గది దాటి రాలేదు. బొటనవేలు మళ్ళీ వాచింది. సెషన్‌కి రానంది. నా వేళ్ళు వాటంతట అవే కొత్త షీట్ తెరిచాయి, కాలమ్స్ పేర్లు కూడా టైపు చేశాను. అప్పుడు డాక్టరమ్మకి ఫోన్ చేశాను. "మళ్ళీ పడుతుందండి, మళ్ళీ లేస్తుంది. మీరు మాత్రం పోలీసు ఉద్యోగంలో చేరకండి" అన్నారు. టైపు చేసింది సేవ్ చేయకుండా మూసేశాను. పదమూడో రోజు తనే వచ్చి, "అపాయింట్‌మెంట్ తీసుకోమ్మా" అంది.

ఇప్పుడు లహరి ఇంటర్ మొదటి సంవత్సరం, తను అడిగిన కామర్స్ గ్రూపు. మాత్రలు ఆపేశారు. తింటోంది. సాయంత్రం ఎల్లమ్మ దగ్గర కూర్చుని జొన్నరొట్టె చేయడం నేర్చుకుంటోంది, ఇద్దరూ ఏవేవో చెప్పుకుని నవ్వుకుంటారు. నేను వంటింట్లోకి వెళ్తే ఆ కబురు అక్కడితో ఆగుతుంది. ఫోన్ వాడుతూనే ఉంది. ఎంతసేపో నాకు తెలియదు.

మూడు నెలలకోసారి ఫాలో అప్‌కి వెళ్తాం. తను లోపలికి వెళ్తుంది, ఆ కాగితం నింపుతుంది, నేను బయట కుర్చీలో కూర్చుంటాను. క్రితంసారి తిరిగి వస్తుంటే కారులో ఉండబట్టలేక, "ఈసారి స్కోరు ఎంత వచ్చిందే?" అని అడిగాను. "తెలిస్తే ఏం చేస్తావమ్మా?" అంది కిటికీలోంచి బయటికి చూస్తూ. కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగినట్టుంది. 

ఇలాంటి పిల్లలున్న తల్లిదండ్రులకి నేను చెప్పగలిగేది ఒకటే. డాక్టరు గానీ, టీచరు గానీ, స్కూల్ ఫారం గానీ మీ పిల్లని ఒక ప్రశ్న అడిగితే, జవాబు మీరు చెప్పకండి. జవాబు మీకు తెలుసనిపించినా చెప్పకండి. పిల్ల నోరు తెరిచేదాకా ఆగండి, లేదంటే లేచి గది బయటికి వెళ్ళండి. మొదటిసారే వెళ్ళండి. నేను బయట కూర్చోవడం నేర్చుకునేసరికి, మా అమ్మాయి నాతో చెప్పడం మానేసింది.